మేక తోక

రాత్రంతా ఉండే సి షిఫ్ట్ దిగి ఇంటికొచ్చేసరికి ఉదయం ఏడవుతుంది. విశాఖలో మా కూర్మన్నపాలెం జంక్షన్‌లో పాల ప్యాకెట్లు తీసుకుని వచ్చి బండి స్టాండ్ వేసేలోపే మా పాప గుమ్మంలో నిలబడి ఉంటుంది. చేతిలో పుస్తకం. దానికి నాలుగేళ్ళు నిండి రెండు నెలలు. చాలా ఇళ్ళలో పిల్లలకి రాత్రి పడుకోబెట్టేటప్పుడు కథ చదువుతారు. మా ఇంట్లో కథ వేళ నా డ్యూటీని బట్టి మారుతుంది. పొద్దున వెళ్ళే 'ఏ' షిఫ్ట్ వారంలో సాయంత్రం. బి షిఫ్ట్ వారంలో నేను మధ్యాహ్నం బయల్దేరేలోపు, పాప స్కూల్ నుంచి వచ్చి అన్నం తింటూ ఉండగా. సి షిఫ్ట్ వారంలో ఇదిగో, ఇలా పొద్దున్నే. స్నానం చేసి టీ గ్లాసుతో చాప మీద కూర్చోగానే వచ్చి ఒళ్ళో కూర్చుంటుంది. ఎనిమిదిన్నరకి స్కూల్ ఆటో హారన్ కొడుతుంది. ఆలోపు మాకు దొరికేది అరగంట.

ఏడాది కిందట మొదలుపెట్టినప్పుడు ఒక పుస్తకాల ఎగ్జిబిషన్‌లో ఆరు బొమ్మల పుస్తకాలు కొన్నాను. ప్రథమ్ బుక్స్ వాళ్ళవి, 'మంచి పుస్తకం' అనే ప్రచురణ సంస్థ వాళ్ళవి, నేషనల్ బుక్ ట్రస్ట్ వాళ్ళవి, ఇంకా ఒకటి రెండు చిన్న ప్రచురణలు. ఆరూ కలిపినా ఒక ప్లాస్టిక్ బొమ్మ కారు ధర కాలేదు. ఇంటికి తెచ్చి వరసగా చదివేశాను. పేజీకి ఒక వాక్యం, మహా అయితే రెండు. పుస్తకం రెండు నిమిషాల్లో అయిపోయేది. ఆరు పుస్తకాలూ పావుగంటలో అయిపోయాయి. ఇంత తక్కువ రాతకి ఇన్ని పేజీలు ఎందుకు అనుకున్నాను ఆ రోజు.

అందులో ఒకటి తాత గొడుగు కథ. బయట వాన. తాతకి గొడుగు కనబడదు. మంచం కింద చూస్తాడు, తలుపు వెనక చూస్తాడు, అటక మీద చూస్తాడు, చివరికి పెరట్లోకి వెళ్తాడు. రాతలో ఉన్నది అంతే. ఆ పుస్తకం ఒక పదిసార్లయినా చదివి ఉంటాను. ఒక రోజు మూడో పేజీ తిప్పబోతుంటే పాప అరచెయ్యి పేజీ మీద గట్టిగా అదిమిపెట్టింది.

"నాన్నా, తోక."

"తోక ఎక్కడుందమ్మా? అది చీపురు."

"చీపురు కాదు. తోక. మేక తోక."

వంగి చూశాను. తలుపు సందులో గోధుమరంగులో, బొటనవేలి గోరంత ఉంది. నేను చీపురు కొస అనుకున్నది. పాప వెనక్కి తిప్పింది. రెండో పేజీలో కిటికీ చువ్వల మధ్య రెండు కొమ్ములు. ముందుకి తిప్పింది. అటక కింద నేల మీద, తడి మట్టితో చిన్న చిన్న గిట్టల గుర్తులు. ఆ తర్వాతి పేజీలో తాత వీపు వెనక, కాగితం అంచు దగ్గర, గొడుగు పిడి సగం కనబడుతోంది. పట్టుకున్న నోరు పేజీ బయట ఉంది. రాతలో ఎక్కడా మేక అన్న మాటే లేదు. గొడుగు ఎవరు తీసుకెళ్ళారో తాతకి తెలియదు, గట్టిగా చదువుతున్న నాకూ తెలియదు. ఒళ్ళో కూర్చున్న పిల్లకి మాత్రం మొదటి రోజు నుంచీ తెలుసు. నేను పేజీ తిప్పే వేగానికి చెప్పే వీలు దానికి దొరకలేదు.

ఆ రోజు నిద్రపోదామని పడుకున్నాను గానీ నిద్ర పట్టలేదు.

నాది ప్లాంట్‌లో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్. చేరిన కొత్తలో ఒక మోటారు స్టార్ట్ కావడం లేదని పిలిచారు. నేను దాని వైరింగ్ డ్రాయింగ్ పరిచి, పక్కన రాసున్న నోట్స్ చదవడం మొదలుపెట్టాను. మా సీనియర్ ఒకాయన నా చేతిలోంచి షీటు తీసుకుని, "ముందు గీత పట్టుకో తమ్ముడూ, అక్షరాలు ఎక్కడికీ పోవు" అన్నాడు. వేలు సప్లై దగ్గర పెట్టి కిందికి జరుపుకుంటూ వచ్చాడు. ఫ్యూజు, కాంటాక్టరు, ఓవర్‌లోడ్ రిలే, మోటారు. వేలు ఎక్కడ ఆగాలో అక్కడ ఆగింది. ఆ రోజు నుంచి డ్రాయింగ్‌ని నేను అలాగే చదువుతున్నాను. ఒక్క రాత ముక్క లేకపోయినా గీతల్ని బట్టి మిషన్ ఏం చేస్తుందో చెప్పగలను. ఉద్యోగంలో ఇన్నేళ్ళుగా బొమ్మలు చదువుతున్న మనిషిని, కూతురి పుస్తకం దగ్గరికి వచ్చేసరికి అక్షరాలు మాత్రమే చదివాను. పాప వేలు తోక నుంచి కొమ్ముకి, కొమ్ము నుంచి గిట్టల గుర్తుకి జరిగిన తీరు చూస్తే నాకు ఆ సీనియరే గుర్తొచ్చాడు.

తర్వాతి వారం నైట్ డ్యూటీలో, టీ టైములో, దీని గురించి ఎవరైనా పరిశోధన చేశారా అని ఫోన్‌లో వెతికాను. కెనడాలో చేసినట్టు దొరికింది. స్కూలు వయసు రాని పిల్లలకి పెద్దవాళ్ళు పుస్తకం చదివి వినిపిస్తుంటే, పిల్లల చూపు పేజీలో ఎక్కడ పడుతోందో కంటి కదలికల్ని నమోదు చేసే పరికరంతో చూశారు. 2005లో అచ్చయిన ఆ పేపరు ప్రకారం పిల్లల చూపు దాదాపు ఎప్పుడూ బొమ్మ మీదే ఉంది. అక్షరాల వైపు వెళ్ళింది బహు తక్కువ. అంటే ఒకే పేజీ ముందు ఇద్దరం కూర్చున్నా రెండు వేరు వేరు చోట్ల చదువుతున్నామన్నమాట. నా కంటికి ఉన్నది ఆ కింది వాక్యం. దాని కంటికి ఉన్నది మిగతా పేజీ అంతా.

ఇంకొకటి అంతకంటే పాతది. అమెరికాలో వైట్‌హర్‌స్ట్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయనతో పనిచేసినవాళ్ళు 1988లో ప్రచురించారు. రెండు మూడేళ్ళ పిల్లల తల్లిదండ్రుల్ని కొందరిని తీసుకుని, పుస్తకం చదివేటప్పుడు ఏం చేయాలో నేర్పారు. అవును, కాదు అని తేలిపోయే ప్రశ్నలు తగ్గించి, పిల్లలే చెప్పేలా అడగడం. పిల్ల అన్న మాటకి ఇంకో మాట చేర్చి తిరిగి అనడం. నెల రోజులు ఇంట్లో అలా చదివాక చూస్తే, మామూలుగా చదివించుకున్న పిల్లల కంటే వీళ్ళు మాటల్లో ముందున్నారు. రెండు గ్రూపుల్లోనూ తల్లిదండ్రులు పుస్తకాలు చదివినవాళ్ళే. తేడా అల్లా ఎవరు ఎక్కువ మాట్లాడారన్న దాంట్లో ఉంది.

ఇప్పుడు మేం చదివే పద్ధతి మారింది. ముందు అట్ట చూస్తాం. తర్వాత పుస్తకమంతా ఒకసారి మాటల్లేకుండా తిప్పుతాం. తిప్పేది పాప. నేను చెయ్యి పెట్టను. దాని వేళ్ళకి ఒక్కోసారి రెండు కాగితాలు కలిసి వస్తాయి, అది విడదీసుకుంటుంది, నేను ఆగుతాను. రెండోసారి తిప్పేటప్పుడు చదువుతాను. చదివాక వెంటనే ఏమీ అడగను. మనసులో పది అంకెలు లెక్కపెట్టుకుంటాను. ఏడో ఎనిమిదో అయ్యేలోపు అదే ఏదో ఒకటి అంటుంది. ఆ మౌనంలోనే పిల్ల చూస్తోందని నాకు ఇప్పుడు తెలుసు. కొత్తలో ఆ పది అంకెలు ఓపిక పట్టడం నాకు చాలా కష్టమైంది.

అడగడంలో కూడా అతి పనికిరాదు. మా వీధిలో ఒకరింట్లో చూశాను. "ఇదేంటి? కలరేంటి? ఎన్ని ఉన్నాయి? ఇంగ్లీషులో ఏమంటారు?" అని పేజీకి పది ప్రశ్నలు. ఆ పిల్లాడు పుస్తకం చూస్తేనే టెన్షన్ పడుతున్నాడు. నాకు చాలా బాధేసింది. నేను ఒక్క ప్రశ్నే అడుగుతాను, "ఇక్కడ ఏం జరుగుతోందమ్మా?" అని. చెప్తే వింటాను. చెప్పకపోతే తర్వాతి పేజీ.

మా అమ్మకి చదువు రాదు. భీమిలి దగ్గర పల్లె ఆవిడది. సంతకం ఒక్కటి నేర్చుకుంది. నేను డ్యూటీలో ఉన్నప్పుడు పాపకి పుస్తకం చూపించేది ఆవిడే. అదే తాత గొడుగు పుస్తకం అమ్మ చేతిలో పడితే ప్రతిసారీ కొత్త కథ. ఒక రోజు ఆ తాత మా ముత్తాత. ఇంకో రోజు ఆ మేక చిన్నప్పుడు అమ్మ పెంచిన మేక, పక్కింటివాళ్ళ తోటకూర మేసేసి గొడవ తెచ్చింది. "ఓలమ్మో, వానొచ్చేస్తంది, బేగి పరిగెట్టు" అని మేకని కేకేస్తుంది. పాప కూడా "బేగి, బేగి" అని అరుస్తుంది.

నేను చదివితే మాత్రం ఒక్క మాట మారకూడదు. ఒక రోజు నిద్ర ఆపుకోలేక ఒక వాక్యం వదిలేశాను. వెంటనే నా గడ్డం పట్టుకుని తల ఇటు తిప్పి, "నాన్నా, సరిగ్గా చదువు" అంది. మరి నానమ్మ ఇష్టమొచ్చినట్టు చెప్తుంది కదా అన్నాను. "నానమ్మది నానమ్మ కథ. నీది పుస్తకం కథ" అంది. రెండిటికీ తేడా దానికి స్పష్టంగా తెలుసు, రెండూ కావాలి. అచ్చులో ఉన్న మాట నిన్నా ఇవాళా ఒకేలా ఉంటుందన్న సంగతి ఇంకా ఒక్క అక్షరం రాయడం రాని పిల్లకి అర్థమైంది. నా దృష్టిలో చదువు మొదలయ్యేది అక్కడే.

స్కూల్ వాళ్ళ లెక్క వేరు. ఏ స్కూలో చెప్పను. పేరెంట్స్ మీటింగ్‌కి పిలిచి, మీ పాప పెన్సిల్ సరిగ్గా పట్టుకోవడం లేదు, ఇంట్లో రోజుకి రెండు పేజీలు ఏబీసీడీలు రాయించండి, బొమ్మల పుస్తకాలతో టైమ్ వేస్ట్ అన్నారు. అప్పటికి మూడున్నరేళ్ళ పిల్ల గురించి ఆ మాట. 2020 జాతీయ విద్యా విధానం మూడు నుంచి ఎనిమిదేళ్ళ వరకూ ఒకే పునాది దశగా పెట్టింది, ఆ దశలో ఆటపాటలతో నేర్పమంది. ఆ సంగతి చెప్పాను. విన్నారు, అంతే. మా ఆవిడ బయటికొచ్చాక, "వాళ్ళు రాయించేది వాళ్ళు రాయించుకోనీ, మన అరగంట మనం మానొద్దు" అంది. మానలేదు.

పుస్తకాల్లో తెలుగు గురించి ఒక మాట చెప్పాలి. ఒక కూరగాయల పుస్తకంలో సొరకాయ అని ఉంది. మా పాప బొమ్మ చూసి "ఆనపకాయ" అంది. నేను "సొరకాయ" అని చదివాను. అది నా వైపు, పుస్తకం వైపు మార్చి మార్చి చూసింది. మొన్న ఆదివారమే రైతుబజార్లో తాను స్వయంగా మోసుకొచ్చిన కాయని ఇంకేదో అంటున్నానన్న అయోమయం దాని మొహంలో. అప్పుడు పుస్తకం మూసి, హైదరాబాద్‌లో ఉండే వాళ్ళ పిన్నికి ఫోన్ చేశాం. "పిన్నీ, మీ ఊళ్ళో ఆనపకాయని ఏమంటారు?" "సొరకాయంటారు బంగారం." ఇప్పుడు ఆ పేజీ వస్తే నేను సొరకాయ అని చదవగానే, "పిన్ని వాళ్ళ ఆనపకాయ" అని అదే కలుపుతుంది. పుస్తకంలో మాట మార్చి చదవాల్సిన అవసరం రాలేదు.

మాట వేరైతే ఫర్వాలేదు గానీ, వాక్యం నోట్లో తిరగకపోతే మాత్రం చాలా ఇబ్బంది. కొన్ని అనువాద పుస్తకాల్లో బొమ్మలు ఎంత బాగుంటాయో, కింద వాక్యం అంత బిగుసుకుపోయి ఉంటుంది. ఏ ఇంట్లోనూ ఎవరూ అలా మాట్లాడరు. అందుకే కొనేముందు షాపులోనే నిలబడి రెండు పేజీలు పైకి చదువుతాను. చుట్టుపక్కలవాళ్ళు చూసినా సరే. ఊపిరి ఆగే చోట వాక్యం కూడా ఆగిందంటే ఆ పుస్తకం తీసుకుంటాను.

ఇక సముద్రం బొమ్మ. ఒక పుస్తకంలో రెండు పేజీల నిండా సముద్రం. నీలం నీళ్ళు, పసుప్పచ్చ ఇసుక, ఒక కొబ్బరి చెట్టు, గొడుగు కింద పిల్లలు. పాప చాలాసేపు చూసి అడిగింది.

"నాన్నా, వీళ్ళ సముద్రానికి కొండ లేదేం?"

నాకు వెంటనే అర్థం కాలేదు. తర్వాత వెలిగింది. అది పుట్టాక చూసిన సముద్రం ఆర్కే బీచ్‌ది. అక్కడ నిలబడి కుడివైపు చూస్తే డాల్ఫిన్స్ నోస్ కొండ నీళ్ళలోకి ముక్కు చాపినట్టు ఉంటుంది. ఎడమవైపు దూరంగా కైలాసగిరి. సముద్రమంటే దాని లెక్కలో కొండ ఉండి తీరాలి, కొండ మీద లైట్‌హౌస్ ఉండాలి, బయట లంగరేసిన ఓడలు వరసగా నిలబడి ఉండాలి. ఆ ఆదివారం పుస్తకం సంచిలో వేసుకుని బీచ్‌కి తీసుకెళ్ళాను. కురుసుర సబ్‌మెరైన్ దగ్గర గట్టు మీద కూర్చుని పేజీ తెరిచి ఎదురుగా పట్టుకున్నాం. పాప ఒకసారి కాగితాన్ని, ఒకసారి నీళ్ళని చూసుకుంటూ తేడాలు చెప్పింది. మన ఇసుకలో నల్ల చారలున్నాయి. మన నీళ్ళు ఇక్కడ మట్టిరంగు, అక్కడ ఆకుపచ్చ, ఇంకా దూరం నీలం. మన దగ్గర మొక్కజొన్న పొత్తుల బండి ఉంది, వాళ్ళకి లేదు. "పాపం వాళ్ళు" అంది చివరికి, బొమ్మలోని పిల్లల్ని వేలితో నిమిరి.

అప్పటి నుంచి నాకు ఒక కోరిక. మన తీరం ఉన్న తెలుగు బొమ్మల పుస్తకం ఒకటి కావాలి. తెల్లారకముందే ఫిషింగ్ హార్బర్‌లో గంపల్లోకి దిగే కానాగంతలు, తెప్ప మీద ఆరేసిన వలలు, పోర్టు క్రేన్లు, తుపాను ముందు రోజు ఆకాశం. గీసేవాళ్ళు విశాఖలో లేక కాదు. వెతుకుతున్నాను, దొరికితే పది కాపీలు కొని మా వీధి పిల్లలకి పంచుతాను.

దొరికేలోపు స్టోరీవీవర్ ఉంది. ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో మొదలుపెట్టిన వెబ్‌సైట్, తెలుగు కథలు కూడా బోలెడు, డబ్బు కట్టక్కర్లేదు. అయితే ఫోన్‌లో చదివితే మా పాప దగ్గర నిలవలేదు. రెండు పేజీలు కలిపి గీసిన బొమ్మ ఫోన్‌లో అగ్గిపెట్టంత అవుతుంది. మేక తోకలాంటిది ఉన్నా ఇంక కనబడదు. అందుకని ఒక కథ డౌన్‌లోడ్ చేసి కలర్ ప్రింట్ తీయించాను. వాళ్ళ లైసెన్సు అందుకు ఒప్పుకుంటుంది. 16 పేజీల కథ. ఏ4 కాగితం మధ్యకి మడిస్తే నాలుగు పేజీలు, అంటే నాలుగు కాగితాలు, ఎనిమిది వైపులు. మా దగ్గర జిరాక్స్ షాపులో వైపుకి పది రూపాయలు, మొత్తం 80. పేజీల వరస కుదరాలంటే మొదటి కాగితం పైవైపు 16, 1 పక్కపక్కన రావాలి, దాని వెనకవైపు 2, 15. ముందు పాత క్యాలెండర్ కాగితం మడిచి నంబర్లు వేసి చూసుకుంటే తేలిపోయింది. మడత మీద మూడు చిల్లులు పొడిచి, అమ్మ దగ్గర బొంత కుట్టే సూది, దారం తీసుకుని కుట్టాను. పాప పక్కన కూర్చుని దారం కొస పట్టుకుంది. ఇప్పటికి అలాంటివి ఐదు కుట్టాం. చిరిగితే మైదా ఉడికించిన జిగురుతో పల్చటి కాగితం అంటిస్తాం. మొదట్లో అమ్మ అన్నం మెతుకులతో అంటించింది, రాత్రికి చీమలు పట్టాయి.

పోయిన వారం పాప ఖాళీ కాగితాలు తెచ్చి, "నాకూ కుట్టు" అంది. రెండు కాగితాలు మడిచి ఎనిమిది పేజీల పుస్తకం కుట్టిచ్చాను. వాయుగుండం పట్టి రెండు రోజులు వాన, స్కూల్ సెలవు. ఆ రెండు రోజులూ చాప మీద బోర్లా పడుకుని గీసింది. మూడో రోజు నేను డ్యూటీ దిగి రాగానే ఒళ్ళో కూర్చుని పుస్తకం నా చేతికిచ్చింది. పేజీలు మాత్రం తనే తిప్పింది.

మొదటి పేజీలో సముద్రం, దానికి రెండువైపులా కొండలు. రెండో పేజీలో ఓడ, ఓడ మీద నానమ్మ. మూడో పేజీలో నేను, తల మీద పసుపు హెల్మెట్, చేతిలో గొడుగు. నాలుగో పేజీలో వాన, పేజీ అంతా నీలం గీతలు. ఐదో పేజీ ఖాళీగా ఉంది. మనసులో పది అంకెలు లెక్కపెట్టాను. ఏమీ అనలేదు. ఇంకో పది.

"ఇక్కడ ఏం జరుగుతోందమ్మా?" అని అడిగాను.

"మేక ఇంకా రాలేదు నాన్నా. కొండెనకాల ఉంది."

ఇద్దరం ఆ పేజీనే చూస్తూ కూర్చున్నాం. ఆటో హారన్ వినబడింది.